మూత మూసినా ల్యాప్‌టాప్ ఛార్జి కరిగిపోతోంది, బయోస్‌లో ఏం మార్చాలి?

రాత్రి 92 శాతం ఛార్జితో మూత మూసి పడుకుంటే తెల్లారేసరికి 61 మిగులుతోంది. అడుగున చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. నిద్రలో ఉన్న యంత్రానికి ఈ ఒళ్లు వేడి ఏమిటో!

వాడేది లినక్స్. యంత్రానికి ఏయే నిద్ర రకాలు దొరుకుతాయో చూపే మెమ్ స్లీప్ ఫైలులో ఎస్‌2ఐడిల్ అనే తేలికపాటి నిద్ర ఒక్కటే కనిపిస్తోంది, డీప్ (అంటే ఎస్3, మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపే గాఢ నిద్ర) లేదు. అంటే ఎస్3 నిద్రను ఫర్మ్‌వేరే (బయోస్ లాంటి, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) దాచిందని నా అనుమానం. బయోస్‌లో వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా యంత్రాన్ని లేపే సదుపాయం), నిద్రలో యూఎస్‌బీకి కరెంటు ఇచ్చే సదుపాయం రెండూ ఆపేశాను. ఆరేడు శాతం ఆదా అయింది, అంతే. నిద్ర రకం మార్చుకునే మెనూ కొన్ని మోడళ్లలో ఉంటుంది, నా దాంట్లో వెతికి వెతికి విసుగొచ్చింది.

ఎస్3 తిరిగి తెప్పించే దారి ఉందా? లేకపోతే, ప్రాసెసర్‌ను లోతైన నిద్రలోకి పోనివ్వని భాగం ఎస్‌ఎస్‌డీయో వైఫై కార్డో ఎలా పట్టుకోవాలి? హైబర్నేట్ (పనిని డిస్కులో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపడం) చేసుకోమని మాత్రం దయచేసి చెప్పకండి.