కట్టిన డేగ రెక్కలు కొట్టుకోవడానికి తెలుగు మాట కావాలి

షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్' మూడో అంకం, రెండో రంగం తెలుగులోకి చేస్తున్నాను. అందులో జూలియట్ రాత్రిని పిలుస్తూ, తన బుగ్గల్లో పొంగే రక్తాన్ని నల్లటి ముసుగుతో కప్పమంటుంది. అక్కడ వాడినవి డేగవేట మాటలు, అంటే డేగను మచ్చిక చేసి దానితో వేటాడేవాళ్ల మాటలు. 'హుడ్' అంటే డేగ కళ్లు మూసే తోలు టోపీ. 'అన్‌మ్యాన్డ్' అంటే మనిషికి ఇంకా మచ్చిక కానిది. ఈ రెండూ కుదిరాయి. 'బేటింగ్' దగ్గర ఆగిపోయాను.

కాళ్లకు తోలు పట్టీలున్న డేగ బెదిరి, వేటగాడి చేతి మీంచి ఒక్కసారిగా దూకి రెక్కలు టపటపా కొట్టుకోవడమే అది. టోపీ తొడిగితే శాంతిస్తుంది. జూలియట్ ముసుగు అడిగేది అందుకే. ఈ లంకె తెగితే వాక్యానికి ప్రాణం ఉండదు.

'రెపరెపలాడే' అని రాస్తే జెండా గుర్తొస్తోంది. 'గింజుకునే' అంటే బాధే వినిపిస్తోంది, కానీ జూలియట్‌లో ఉన్నది బిడియం, ఆత్రం. 'కొట్టుకునే' అంటే మనసు గుండె మీదికి పోతుంది. బ్రౌన్ నిఘంటువులో డేగ, సాళువం లాంటి పేర్లు దొరికాయి గానీ ఈ చేష్టకు మాట కనిపించలేదు. ఇంగ్లిష్ మాట ఉంచి కింద వివరణ ఇవ్వలేను, ఇది వేదిక మీద వినపడాల్సిన నాటకం. సాళువ రాజుల వంశం పేరే వేట డేగది కదా, ఆ వేట మాటలు మనకూ ఉండే ఉంటాయని నా నమ్మకం.

పాత కావ్యాల్లో గానీ, పిట్టలు పట్టేవాళ్ల వాడుకలో గానీ, కట్టిన డేగ చేతి మీంచి ఎగరబోయి రెక్కలు కొట్టుకోవడాన్ని ఏమంటారు?