ఫోటాన్ (కాంతి కణం) తగిలితే పరమాణువు వేడెక్కుతుందా?

ప్రశ్న (పర్లాకిమిడి, ప్లస్ టూ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నాది ఒడియా మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే ఏమనుకోకండి. మొన్న టెస్టులో "ఫోటాన్‌ను పీల్చుకున్న పరమాణువు ఉత్తేజిత స్థితికి వెళ్తుంది, అంటే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది" అని రాస్తే సున్నా వేశారు. (ఒడియాలో ఉష్ణోగ్రతను తాపమాత్ర అంటాం. మా అమ్మమ్మ అది జ్వరం మాత్ర అనుకుంటుంది.) ఎండకు ఇంటి రేకు కాలిపోతుంది, అది ఫోటాన్ల వల్లే కదా? మరి నా తప్పెక్కడ?

జవాబు (గుణుపురం, రిటైరైన ఫిజిక్స్ మాస్టారు)

తప్పంతా ఆ "అంటే" దగ్గరుందమ్మా. ఒక్క పరమాణువుకు ఉష్ణోగ్రత అంటూ ఉండదు. ఒక్క మనిషిని చూసి సంత రద్దీగా ఉందనలేం కదా! కోట్ల కొద్దీ పరమాణువులు గుద్దుకుంటూ శక్తిని పంచుకున్నాక, ఆ పంపకం ఏ తీరుగా ఉందో చెప్పేదే ఉష్ణోగ్రత. ఉత్తేజం వేరు. అది పరమాణువులోని ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ శక్తి ఉన్న పై మెట్టు ఎక్కడం.

సోడియం సంగతి చూడు. అది పై మెట్టు ఎక్కడానికి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తికి వాడే కొలత) కావాలి, 589 నానోమీటర్ల పసుపు ఫోటాన్‌లో ఉండేది అంతే. మామూలు గది వేడిలో గుద్దుకున్నప్పుడు చేతులు మారే శక్తి 0.025 దరిదాపుల్లో ఉంటుంది. ఎనభై రెట్లు తేడా! అందుకే గది వేడికి ఏ సోడియం పరమాణువూ మెట్టెక్కదు. పప్పుచారు పొంగితే గ్యాసు మంట పసుపుపచ్చగా మారుతుంది చూడు, అది ఉప్పులోని సోడియమే. మంట వేడి 1900 డిగ్రీల దాకా ఉన్నా, లక్ష సోడియం పరమాణువుల్లో ఏ క్షణాన చూసినా పట్టుమని పది కూడా పై మెట్టు మీద ఉండవు. ఆ కొద్దిపాటివే దిగుతూ, వాటి బదులు వేరేవి ఎక్కుతూ మంటంతా పసుపు చేసేస్తాయి.

ఇక నీ ప్రశ్న. ఫోటాన్ తగిలి పైకెక్కిన సోడియం సగటున 16 నానోసెకన్లు అక్కడుంటుంది. ఈలోగా ఎవరూ గుద్దకపోతే ఇంకో ఫోటాన్‌ను వదిలి దిగిపోతుంది, వేడి ఏమీ మిగలదు. పక్కది వచ్చి గుద్దితే ఆ శక్తి దాని పరుగులో కలుస్తుంది. అప్పుడే అది వేడి. రేకులో పరమాణువులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, ఎలక్ట్రాన్లు పీల్చుకున్న శక్తి రెప్పపాటు కూడా కాకముందే వాటి కంపనాల్లోకి చేరిపోతుంది. నువ్వు మధ్యలో ఈ గుద్దులాట రాయలేదు. అయినా సున్నా అన్యాయం, నేనైతే సగం మార్కు వేసేవాణ్ణి.

రాయగడ నుంచి, వైరింగ్ పని చేసే అన్న

మాస్టారూ, పాత చోక్ ట్యూబ్‌లైటు వెలుగుతుండగా మధ్యలో పట్టుకుంటే చెయ్యి కాలదు, చివర్లే వేడి. వేడి లేకుండా మెట్టెలా ఎక్కుతున్నట్టు?

గుణుపురం మాస్టారు

భలే పట్టావు నాయనా! అందులో ఒకే చోట రెండు ఉష్ణోగ్రతలు కాపురం చేస్తున్నాయి. కరెంటు తోసే ఎలక్ట్రాన్లది పదివేల డిగ్రీల మాట, పాదరసం ఆవిరి మాత్రం గోరువెచ్చన. ఎలక్ట్రాన్ మరీ తేలిక, పాదరసానికి తగిలితే బంతి గోడకు తగిలినట్టే, తన పరుగును దానికి పంచలేదు. మెట్టు మాత్రం ఎక్కించగలదు. దిగేటప్పుడు పాదరసం 254 నానోమీటర్ల అతినీలలోహిత ఫోటాన్‌ను వదిలితే, గాజు లోపలి తెల్లపూత దాన్ని కంటికి కనబడే వెలుగు చేస్తుంది.

పర్లాకిమిడి

అయితే ఫోటాన్ తగిలితే వేడి పెరగొచ్చు, పెరగకపోవచ్చు. తగ్గడం మాత్రం ఉండదు కదా?

గుణుపురం మాస్టారు

అదీ ఉంది! 1985లో అమెరికాలో స్టీవెన్ చూ బృందం ఇదే సోడియం మీద పసుపు లేజర్లు ఆరు దిక్కుల నుంచీ వేసి 240 మైక్రోకెల్విన్లకు, అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో దాదాపు నాలుగువేలో వంతు దూరం దాకా చల్లార్చింది. లేజర్‌ను కావలసిన శక్తికి ఓ పిసరు తక్కువగా పెడతారు. దానికి ఎదురొచ్చే పరమాణువుకు ఆ పిసరు కొరత తీరినట్టు ఉంటుంది కాబట్టి, అదే దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడల్లా సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున వేగం తగ్గుతుంది. చూకు 1997లో నోబెల్ వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి.

పర్లాకిమిడి

ఉప్పునీళ్లలో ముంచిన చెంచా అంచు మంటలో పెట్టి చూశాను మాస్టారూ, నిజంగానే పసుపుపచ్చగా అయింది. బర్నరు తుప్పు పడుతుందని మా అమ్మ చెంచా లాగేసుకుంది.