గండికోట నీళ్లలో పడవ షికారుకు ఏ నెల మేలు? ముసలోళ్లు, పిల్లలతో వెళ్లొచ్చా?

అన్నలూ, అక్కలూ, మాది కడప. సంక్రాంతికి బెంగళూరు నుంచి మా చిన్నాన్న వాళ్లు వస్తున్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట పోదామని అనుకుంటున్నాం. కోట, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం మాకు కొత్త కాదు. ఈసారి నీళ్ల కోసమే పోవడం.

ఎగువన గండికోట డ్యాం, దిగువన మైలవరం డ్యాం, మధ్యలో ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్న. శ్రీశైలం నీళ్లు అవుకు మీదుగా గండికోటకు వస్తాయి, రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు. అంటే ఇక్కడ వాన పడకపోయినా నీళ్లుండొచ్చు. మరి జనవరిలో మట్టం బాగుంటుందా, అప్పటికే కిందికి వదిలేసి ఉంటారా?

నాకు కావాల్సింది ఇదీ. పడవలు ఎక్కేది డ్యాం పక్కనేనా? బండి నీళ్ల దగ్గరిదాకా పోతుందా? మా నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు, కోట అంచు నుంచి లోయలోకి ఆ బండల మీద దిగడం ఆమె వల్ల కాదు (నిజం చెప్పాలంటే నా వల్లా కాదు). పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఇస్తారా? పెద్దోళ్లవే తగిలిస్తే మెడ దగ్గర వదులై పైకి లేస్తాయి, ఊరికే పేరుకు వేసుకున్నట్టే. మధ్యాహ్నం గాలి లేస్తే పడవలు ఆపేస్తారా?

ఈత సంగతి అడగను, ఆ లోతులో ఎవర్నీ దించను. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఒక్కటి ఎక్కాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు.

ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు టికెట్ ధర, వేళలు కూడా చెప్తే పుణ్యముంటుంది.