లాట్రంకులిన్ వేశాక ఆటోఫాగీ చుక్కలు తగ్గాయి: ఆగింది తయారీయా, రవాణాయా?

ఆటోఫాగీ అంటే ఆకలి వేళ కణం తన భాగాలనే చిన్న సంచుల్లో చుట్టి, రిక్తికకు (వాక్యూల్) పంపి అరిగించుకోవడం. నావి ఆ సంచులను మెరిసే చుక్కలుగా చూపే జీఎఫ్‌పీ-ఏటీజీ8ఈ ప్రోటీన్ ఉన్న అరబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) మొలకలు, వయసు 6 రోజులు. నత్రజని లేని ఎంఎస్ (మొక్కల పోషక) ద్రావణంలో, రిక్తికలో అరుగుదలను ఆపే 1 మైక్రోమోలార్ కాంకనామైసిన్‌తో 12 గంటలు ఉంచితే వేరు కణాల రిక్తికల్లో మెరిసే చుక్కలు గిలగిలా కదులుతూ కనిపిస్తున్నాయి. కణంలోని యాక్టిన్ పోగులను విడగొట్టే లాట్రంకులిన్ బి మొదటి నుంచే 5 మైక్రోమోలార్ కలిపితే రిక్తిక దాదాపు ఖాళీ. కణద్రవ్యంలో మాత్రం నాలుగైదు చుక్కలు, అతికించినట్టు నిశ్చలంగా.

మందులను కరిగించిన డీఎంఎస్‌ఓ అన్నిటిలో 0.1 శాతమే. చచ్చిన కణాల్లోకే పోయే రంగు ప్రొపీడియం అయొడైడ్ లోపలికి పోలేదు, కణాలు బతికే ఉన్నాయి. లాట్రంకులిన్‌ని 1 మైక్రోమోలార్‌కి తగ్గించినా అదే ఫలితం. చివరి 2 గంటలే వేస్తే తేడా తెలియదు, అప్పటికే చేరిన చుక్కలు కప్పేస్తున్నాయి. కాంకనామైసిన్ లేకుండా చేసిన వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను పట్టీలుగా చూపే పరీక్ష), రిక్తికలో ఏటీజీ8ఈ అరిగాక మిగిలే విడి జీఎఫ్‌పీ పట్టీ పలచబడింది. కానీ తయారీ ఆగినా, రవాణా ఆగినా అది పలచబడుతుంది కదా!

ఈ రెండింటినీ విడదీయాలంటే లాట్రంకులిన్‌ని ఆకలి మొదలైన ఎన్నో గంటకు వేసి, ఎంతసేపు ఉంచాలి?