నేలపట్టులో గూళ్ల కాలంలో చెరువు గట్టు మీదకు జనాన్ని రానివ్వాలా?

చెరువుగట్టు:
సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అనే పక్షుల పండుగ పెట్టిన రోజుల్లో దగ్గర్లోని నేలపట్టుకు జనం పోటెత్తుతారు. అది దాదాపు 458 హెక్టార్ల చిన్న పక్షి రక్షిత కేంద్రం. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే గూడబాతులు (పెలికాన్లు), కంకణాల పిట్టలు, నత్తగుల్ల కొంగలు నీళ్లలో నిలిచిన కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. జనవరిలో పండుగ పెడితే గూళ్లలో పిల్లలు ఉంటాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా గట్టు మూసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సూళ్లూరుపేట కుర్రాడు:
నేను ఒప్పుకోను. స్కూల్లో ఉన్నప్పుడు మా సార్ ఆ గట్టు మీదకే తీసుకెళ్లి చూపించారు. ఆ రోజు చూడకపోతే ఈ చర్చలోకి వచ్చేవాడినే కాదు. అయినా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇవే గూడబాతులు ఊళ్లో ఇళ్ల పక్కనున్న చెట్ల మీద గూళ్లు పెడతాయి. కింద మనుషులు తిరుగుతూనే ఉంటారు. అక్కడ లేని భయం ఇక్కడెందుకు?

చెరువుగట్టు:
మంచి ప్రశ్న అడిగారు. తేలినీలాపురం పక్షులు రోజూ అవే మనుషుల్ని చూస్తాయి, అవే అడుగుల చప్పుడు వింటాయి, అలవాటు పడిపోయాయి. నేలపట్టులో మిగతా రోజులన్నీ నిశ్శబ్దం, ఒక్కసారిగా వేలమంది, మైకులు. గూడబాతు పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పటికి ఒంటి మీద నూగు కూడా ఉండదు. తల్లో తండ్రో పైన నిలబడి నీడ పట్టాల్సిందే. పెద్దవి బెదిరి లేచాయంటే మధ్యాహ్నపు ఎండ ఆ పచ్చి చర్మం మీద పడుతుంది. ఈలోగా కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. పైగా గుంపుగా గూళ్లు పెట్టే పక్షులు కదా, ఒకటి లేస్తే పక్కవీ లేస్తాయి. ఆ ఎండలో పిల్లలు ఎంతసేపు తట్టుకుంటాయో ఆలోచించండి.

పొలంగట్టు:
ఇద్దరూ చెరువు దగ్గరే ఆగిపోయారు. అన్ని వేల నోళ్లకు సరిపడా చేపలు ఆ చెరువులో ఎక్కడున్నాయి? పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి తెచ్చి పిల్లలకు పెడతాయి. పులికాట్ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు రాదు, చేపలు తగ్గుతాయి. అప్పుడు నేలపట్టు గట్టుకు తాళం వేసినా లాభం లేదు. ఇంకో మాట, వీటిని సైబీరియా పక్షులు అని రాయడం మానండి. గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. చెరువు మూసేటప్పుడు ఊరి రైతుల్ని మాత్రం ఆపొద్దు. రెట్ట కలిసిన ఆ నీరు పొలానికి బలమని చెప్పేది వాళ్లే, పక్షుల్ని తరిమేయకుండా ఉన్నదీ వాళ్లే.

చెరువుగట్టు:
పొలంగట్టు గారూ, రైతుల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. వాళ్ల రాకపోకలు ఎప్పట్లాగే ఉండాలి. పులికాట్ గురించి కూడా నిజమే. కానీ ముఖద్వారం పూడిక తీయడానికి కోట్లు, ఏళ్లు కావాలి. మైకు ఆపడానికి ఏమీ అక్కర్లేదు, ఈ సీజన్‌లోనే చేయొచ్చు. కుర్రాడు గారూ, మీ మాట విన్నాక పూర్తిగా మూసేయాలన్న పట్టు వదులుతున్నాను. వాచ్‌టవర్ దాకా, బ్యాచ్‌కు ఇరవై మంది, ఉదయం ఎండ ఎక్కకముందే. గూళ్ల చెట్లకు దగ్గరగా ఉన్న గట్టు భాగం మాత్రం వద్దు.

సూళ్లూరుపేట కుర్రాడు:
టవర్ మీద నుంచి చిన్న పిల్లలకు గూడులో ఏముందో కనపడదు. స్టాండు మీద మంచి టెలిస్కోప్ ఒకటి, పక్కన తెలుగులో చెప్పే మనిషి ఒకరు ఉంటే నాకు ఓకే.