కాకటీల్ రంగును బట్టి దాని గుణం చెప్పొచ్చా?

నీలిరెక్క:
మా ఇంట్లో గ్రే (బూడిద రంగు) మగ కాకటీల్ ఉంది, తలమీద కుచ్చుండే చిన్న చిలుక. దానికి తోడు తెద్దామనుకుంటున్నాను. ఎవరిని అడిగినా "లుటినో (పసుపు, తెలుపు రంగుది) తీసుకోండి, అవి సాధువులు, గ్రేలు మొండివి, కరుస్తాయి" అంటున్నారు. రంగుకీ గుణానికీ నిజంగా సంబంధం ఉందా? పెంచుతున్నవాళ్లు చెప్పండి.

పసుపుకుచ్చు:
ఉందనే అంటాను. మా ఇంట్లో రెండు రంగులూ ఉన్నాయి. లుటినో భుజమెక్కి, గోకమని తల వంచుతుంది. గ్రే మగది పొద్దస్తమానం అద్దం ముందు ఈలలు వేస్తుంది, చెయ్యి పెడితే బుస కొడుతుంది. తెలిసినవాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. ఇంతమంది అనుభవాన్ని కాదనలేం కదా.

గూటిమనిషి:
పసుపుకుచ్చు గారూ, మీ లుటినో ఆడదా, మగదా? ముందు అది తేలాలి.

గ్రేలో పెద్దయ్యాక తేడా ఇట్టే తెలుస్తుంది. మగదానికి ముఖమంతా పసుపు, బుగ్గన నిండు నారింజ మచ్చ. ఆడదాని ముఖం బూడిద రంగులోనే ఉంటుంది, తోక అడుగున అడ్డచారలుంటాయి. లుటినోకు మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం లేదు కాబట్టి ఆ బూడిద రంగే ఉండదు. ఆడా మగా చూడ్డానికి ఒకటే. తోక ఈకను వెలుతురుకు పట్టి చూస్తే ఆడదానికి లేత పసుపు చారలు కనిపిస్తాయి, అంతే.

అసలు సంగతి ఇక్కడుంది. లుటినో జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పక్షుల్లో ఆడదానికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే, మగదానికి రెండు. అంటే ఆడపిల్ల లుటినోగా పుట్టడానికి తండ్రి నుంచి ఒక్క జన్యువు వస్తే చాలు. మగపిల్లకు తల్లి నుంచీ రావాలి. తల్లి మామూలు గ్రే అయితే ఆ జంటకు పుట్టే లుటినోలన్నీ ఆడవే. అలాంటి జంటల పిల్లలు పెరిగిన ఇళ్లలో "లుటినో సాధువు" అన్నమాట వినిపిస్తే, అది రంగు గురించా, ఆడపక్షి గురించా? ఈలలు, మాటలు, అద్దం ముందు రెక్కలెత్తి నడవడం, తన చోటని పోట్లాడటం ఏ రంగులోనైనా మగవాటికే ఎక్కువ. మీరు పోలుస్తున్నది ఆడ లుటినోను మగ గ్రేతో అయితే ఆ పోలిక చెల్లదు.

పసుపుకుచ్చు:
మాది ఆడదే, డీఎన్ఏ పరీక్ష చేయించాం. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ లుటినోలు రాత్రిళ్లు ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకోవడం ఎక్కువని పెంచేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అది రంగుతో వచ్చిన గుణం కాదా?

రాత్రిదీపం:
గ్రేలూ ఉలిక్కిపడతాయండి. ఇవి ఆస్ట్రేలియా లోపలి మెట్టభూముల్లో నేల మీద గింజలేరుకు తినే పక్షులు. చిన్న అలికిడికే లేచి ఎగిరిపోతేనే డేగల నుంచి బతుకుతాయి. పంజరంలో ఎగరడానికి దారి లేక కమ్మీలకు కొట్టుకుంటాయి. అప్పుడు కొత్తగా వస్తున్న ఈక విరిగితే రక్తం కారుతుంది. మసక దీపం ఒకటి వెలిగించి ఉంచండి, పంజరాన్ని నాలుగువైపులా మూసెయ్యకండి.

గూటిమనిషి:
లుటినోలతో వచ్చే చిక్కులున్నాయి, కాదనను. 1958లో ఫ్లోరిడాలో మొదలైన రంగు ఇది. ఆ తర్వాత రంగు కోసం దగ్గరి రక్తాన్నే మళ్లీ మళ్లీ జతకట్టారు. కుచ్చు వెనక బట్టతల చాలా లుటినోల్లో అలా తరాలుగా వచ్చినదే. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కానీ చీకట్లో బెదరడం వేరు, మనిషిని నమ్మడం వేరు. నమ్మకం పిల్లప్పటి నుంచి మెత్తగా చేతికి అలవాటు చేస్తే వస్తుంది. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర లేని పక్షి ఏ రంగుదైనా చిరాగ్గానే ఉంటుంది.

నీలిరెక్క గారూ, కొనేముందు పంజరం పక్కన కాసేపు కూర్చుని కుచ్చును చూడండి. తలకు గట్టిగా అతుక్కుని బుస కొడుతుంటే భయపడుతోంది. నిటారుగా లేస్తే ఉలిక్కిపడిందో, దేన్నో గమనిస్తోందో. కాస్త వాలి వదులుగా ఉంటే నిశ్చింతగా ఉన్నట్టు. తెచ్చాక నెలరోజులైనా వేరే గదిలో ఉంచండి, రోగాలుంటే మీ మగదానికి అంటకుండా. ఆడదైతే గుడ్ల సంగతీ ఆలోచించుకోండి. మానకుండా పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం ఇంకిపోతుంది.

పసుపుకుచ్చు:
నేను పూర్తిగా ఒప్పుకోను, మా ఇంట్లో చూస్తున్నది చూస్తున్నానుగా. మగ లుటినో ఉన్నవాళ్లెవరైనా రాస్తే బాగుంటుంది.

తెల్లఈక:
మాది మగ లుటినోనే. సాధువనే చెప్పి ఇచ్చారు. నా వేలి మీద మెత్తగానే ఉంటుంది. గింజల గిన్నె మార్చబోతే మాత్రం మా అమ్మాయి వేలు కొరుకుతుంది. తెల్లవారకముందే ఈలలు. మీ గ్రే గురించి చదువుతుంటే మా దాని గురించే రాసినట్టుంది, పసుపుకుచ్చు గారూ.