ఎక్స్‌పీడియెన్సీ అంటే అవకాశవాదమేనా? తెలుగులో ఏం చెప్పాలి?

కాలవగట్టు పిల్ల, అమలాపురం దగ్గర:
అందరికీ నమస్కారమండి. మా ఊరి రైతులకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వస్తే నాన్నగారు నన్ను తెలుగులో చదివి చెప్పమన్నారు. దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్ళు వంతులవారీగా ఇస్తామని ఉంది, కారణం దగ్గర అడ్మినిస్ట్రేటివ్ ఎక్స్‌పీడియెన్సీ అని రాశారు, ఫోన్లో చూస్తే అవకాశవాదం అని వచ్చింది, నేను అదే చదివేశాను. పెద్దాళ్ళకి చాలా కోపం వచ్చింది, మా నీళ్ళ దగ్గర అవకాశవాదం ఏంటని. రెండ్రోజుల్నుంచీ మనసేం బాలేదు. కన్వీనియెన్స్, ఆపర్చునిజం, ప్రాగ్మాటిజం అన్నీ దీనికి సమానార్థకాలే అంటున్నారు, నిజంగా ఒకటేనా?

పాత మాస్టారు, తణుకు:
నీ తప్పేం లేదమ్మా, ఆ డిక్షనరీ సగమే చెప్పింది. లాటిన్‌లో పెస్ అంటే పాదం, ఎక్స్‌పెడీరె అంటే చిక్కుకున్న కాళ్ళని విడిపించడం. కాళ్ళకి అడ్డంపడే ఇంపెడిమెంట్ కూడా ఆ పాదంలోంచి పుట్టిందే. అంటే ఆ సమయానికి పనికొచ్చేది, పని ముందుకి నడిపించేది అని మొదట మంచి అర్థమే, న్యాయం సంగతి తర్వాత, ముందు పని జరిగితే చాలు అన్న వాసన తర్వాత అంటుకుంది. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటాం కదా, బిడ్డ ప్రాణం కోసం పట్టుకున్నాడు, అది ఎక్స్‌పీడియెన్సీ. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న, ఇది ఆపర్చునిజం. కన్వీనియెన్స్ అంటే మన వీలు, అంతే. ప్రాగ్మాటిజం ఒక్క పూట చేసే పని కాదు, మనిషి ఎప్పుడూ ఆలోచించే తీరు.

ప్లీడరు, భీమవరం:
మాస్టారుగారు చెప్పింది కరెక్టండి. చట్టాల్లో ఇది తిట్టు కాదు. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి ఐపీసీ, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం రెండూ ఫలానాది చెయ్యడం ఎక్స్‌పీడియెంట్ కాబట్టి అనే మొదలవుతాయి. రాజ్యాంగం 249వ అధికరణలో కూడా, రాష్ట్రాల జాబితాలో అంశం మీద పార్లమెంటు చట్టం చెయ్యాలంటే జాతీయ ప్రయోజనం కోసం అది నెసెసరీ ఆర్ ఎక్స్‌పీడియెంట్ అని రాజ్యసభ తీర్మానం చెయ్యాలి, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మధ్యలో ఆర్ ఉంది చూశారా, తప్పనిసరి కాకపోయినా తగినదైతే చాలని. అయితే మీ పెద్దాళ్ళ కోపాన్నీ నేను తప్పుపట్టను. అసలు కారణం చెప్పడం ఇష్టం లేనప్పుడు కూడా ఈ మాటే రాసేస్తుంటారు.

మురుగుకోడు రైతు:
నాకు ఇంగ్లీషు రాదండి కానీ మీరంతా చెప్పేది మాకు ఏటా జరిగేదే. దాళ్వా ఆఖర్లో కాలవనీళ్ళు అందకపోతే మురుగు కోడుకి, అంటే పొలాల మురుగునీళ్ళు పోయే కాలవకి, అడ్డుకట్టేసి ఇంజన్లతో తోడతాం. మామూలుగా మురుగుకి కట్టెయ్యడం తప్పే, కానీ చేను కంకి వేసే ముందు పొట్టమీదుండి ఎండిపోతుంటే అప్పుడు అదే సరైన పని. జూన్ వానలకి ముందు మాత్రం తీసెయ్యాల్సిందే. ఒక ఏడు మా దగ్గర నువ్వు తియ్యి నువ్వు తియ్యి అనుకుంటూ ఎవరూ తియ్యలేదు, సార్వా (ఖరీఫ్) నారుమళ్ళు మొత్తం మునిగిపోయినాయి, మా రెండెకరాల నారూ అందులోనే పోయింది. అందుకే అమ్మాయ్, ఎన్నాళ్ళకి అని రాశారో లేదో ముందు అది చూడు.

కాలవగట్టు పిల్ల:
ఇప్పుడే మళ్ళీ చదివానండి, ఎప్పటిదాకా అన్నది ఎక్కడా లేదు! ప్రస్తుత పరిస్థితిని బట్టి పరిపాలనకి తగినట్టుగా అని చెప్తే సరిపోతుందా మాస్టారూ?

పాత మాస్టారు, తణుకు:
బాగుందమ్మా. ఒక్కమాటలో కావాలంటే సందర్భోచితంగా అను, పెద్దాళ్ళకి తెలిసిన మాటే.

కాలవగట్టు పిల్ల:
చాలా థాంక్సండి అందరికీ. సాయంత్రం రామాలయం దగ్గర మళ్ళీ చదివి చెప్తాను, వంతులు ఏ తారీఖు దాకా అని అడుగుతూ నాన్నగారి చేత ఒక అర్జీ కూడా రాయిస్తున్నాను.